గుమాస్తా కబుర్లు: లేహ్ ఊళ్ళో కాలినడక

మా ఆఫీసులో క్యాషు చూసే మిత్రుడొకరు మొన్న సోమవారం నాడు నా బల్లమీద ఒక కాగితం పరిచారు.

"ఎల్.టి.సి. మంజూరయిందండీ. లడాఖు ప్రయాణం. అమ్మను కూడా తీసుకుపోతున్నాను. మీరు వెళ్ళి వచ్చినవారు గదా, ఒక్కసారి చూసి చెప్పండి" అన్నారు.

ట్రావెల్సువారు టైపు చేసి ఇచ్చిన కాగితం అది. మొదటి రోజు ఉదయం లేహ్‌లో విమానం దిగటం, సాయంకాలం శాంతిస్తూపం మెట్లెక్కి సూర్యాస్తమయం చూడటం. రెండవ రోజు ఖర్దుంగ్ లా కనుమ. నేను కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చదివాను. ఎందుకంటే దాదాపు ఇదే కాగితం మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఒకటి ఉన్నది. దాని వెనుక ఆసుపత్రి చీటీ ఒకటి గుండుసూదితో గుచ్చి ఉన్నది.

ఈ నెల రేషను కార్డుల కబుర్లు రాస్తానని పాఠకులకు మాట ఇచ్చి ఉన్నాను. అది వచ్చే నెలకు వాయిదా. ఎండాకాలం వచ్చేసరికి మన బరంపురం నుంచి లడాఖు పోయే కుటుంబాలు ఏటేటా పెరుగుతున్నవి గనుక, ఇది ముందు చెప్పటం నా విధి.

లేహ్ అనేది సుమారు 3,500 మీటర్ల ఎత్తున, అంటే 11,500 అడుగుల పైన ఉన్న ఊరు. దక్షిణాన హిమాలయాలు వర్షపు మబ్బులను అడ్డగించి వేయటం వల్ల ఆ ప్రాంతమంతా ఎడారి. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను మన గోపాలపూరు దగ్గర తీరం దాటినప్పుడు మనం చూసిన వానను తలచుకుంటే, ఏడాదికి 100 మిల్లీమీటర్లంటే ఏపాటి? ఇసుకరంగు కొండలు, వాటి మీద గడ్డిపోచ ఉండదు. కిందికి చూస్తే మటుకు సింధునది వైపు దిగే లోయలో పోప్లార్ చెట్లు, విల్లో చెట్లు, బార్లీ చేలు. పచ్చదనం ఎక్కడ ఆగిపోయిందో చాకుతో కోసినట్టు తెలుస్తుంది. కాలువ వెళ్ళిన మేర పచ్చన, కాలువకు పైన ఎడారి.

అక్కడ నడవటానికి అడవులు, తీగలు, జలగలు ఏవీ అడ్డం రావు. దారి అంతా కంటి ఎదుటే ఉంటుంది. అందుకే మోసపోతాము. "అదిగో ఆ కొండేగా, అరగంట" అనిపిస్తుంది. గాలి స్వచ్ఛం కావటం చేత దూరపు కొండ పెరటి గోడలాగ కనబడుతుంది.

మేము 2022 జూలైలో వెళ్ళాము. నేనూ, మా ఆవిడా, మా బావమరిది. మా బావమరిదికి అప్పుడు ముప్ఫై రెండేళ్ళు. రోజూ వ్యాయామం చేస్తాడు. తరతారిణి కొండ 999 మెట్లు ఎక్కడా కూర్చోకుండా ఎక్కుతాడు. నేను వాడి వెనుక నాలుగుచోట్ల కూర్చుంటాను. ఢిల్లీలో విమానం ఎక్కిన గంటన్నర లోపల లేహ్‌లో దిగాము. దిగిన వెంటనే ఎవరికీ ఏమీ కాలేదు. ఇదొక చిత్రం. ఆ ఎత్తు చేసే అపకారం అప్పటికప్పుడు బయటపడదు. ఆరు గంటలకో, పది గంటలకో, మరునాటికో తెలుస్తుంది. అందాకా మనిషి హుషారుగానే ఉంటాడు.

మేము దిగిన ఇంటి యజమానురాలు అరవై దాటిన పెద్దమ్మ. అక్కడ తల్లివంటి ఆడవారిని 'ఆమా-లే' అంటారు. ఆ 'లే' అనేది మన 'గారు' వంటిది, ప్రతి వరుసకూ చివర తగిలిస్తారు. నమస్కారానికి 'జూలే' అంటారు. వెళ్ళి వస్తామన్నా జూలేనే, మీ మేలు మరువమన్నా జూలేనే. ఆమా-లే మాకు ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ ఇచ్చి, హిందీలో, "ఈ రోజు కూర్చోండి. రేపు కూడా కూర్చోండి. ఎల్లుండి నడుద్దురు గాని" అన్నది.

మా ఆవిడకు ఈ మాట వేదవాక్కు. ఆవిడ దుప్పటి కప్పుకున్నది. మా బావమరిది నవ్వి, "బావా, విమానం ఖర్చు పెట్టుకొని వచ్చి పడుకోవటమేమిటి? స్తూపం ఎదురుగానే కనబడుతోంది" అని బూట్లు తొడిగాడు. "ఒరేయ్, ఆవిడ ఈ ఊరి మనిషి, ఊరికే చెప్పదు" అన్నాను. అన్నానే గాని, గట్టిగా ఆపలేదు. కాగితంలో మొదటి రోజు సాయంకాలం స్తూపమని అచ్చయి ఉన్నది గదా! అచ్చయిన దాన్ని నమ్మటం మా గుమాస్తాలకు పుట్టుకతో వచ్చిన రోగం.

శాంతిస్తూపం చంగ్‌స్పా అనే పేట పైన గుట్ట మీద ఉన్నది. గ్యోమ్యో నకమురా అనే జపాను భిక్షువు కట్టించారు, 1991లో దలైలామా ప్రారంభించారు. కిందినుంచి ఐదువందల పైచిలుకు మెట్లు. తరతారిణిలో సగం. మా వాడు పరుగున ఎక్కి, ఫొటోలు తీసి, పరుగున దిగి వచ్చాడు. రాత్రి రొట్టె ముట్టలేదు. పదకొండు గంటలకు తలనొప్పి. ఒంటిగంటకు వాంతి. తెల్లవారేసరికి వాడు గోడ పట్టుకొని నిలబడి, "బావా, మెట్లు ఎక్కుతున్నట్టే ఉంది" అన్నాడు. వాడున్నది మంచం పక్కన.

అప్పుడు నాకు వేసిన భయం ఇంతా అంతా కాదు. వాడు మా మామగారికి ఒక్కడే కొడుకు.

ఆమా-లే మనుమడు బండి తీశాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి చూశారు, ఛాతీకి గొట్టం పెట్టి విన్నారు, నేలమీద గీత చూపి నడవమన్నారు. కొంచెం తూలినా గీత మీదనే నడిచాడు. అదే మా అదృష్టమని తరువాత తెలిసింది. ముక్కుకు ప్రాణవాయువు గొట్టం పెట్టి సాయంత్రం దాకా పడుకోబెట్టారు. పక్క మంచాల మీద ఉన్నవారిలో సగంమంది మాలాగే మొన్నో నిన్నో విమానం దిగినవారు. ఎక్కువమంది కుర్రవాళ్ళు, కండలు తిరిగినవాళ్ళు. ఒంటి బలానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరమ్మ చెప్పింది. పైగా బలం ఉన్నవాడే మొదటి రోజు పరుగెత్తుతాడట.

సంగతి ఏమంటే, గాలిలో ప్రాణవాయువు పాలు అంతటా ఒకటే. గాలే పలచబడుతుంది. సముద్రతీరాన ఊపిరి పీలిస్తే 100 పాళ్ళు దొరికే ప్రాణవాయువు లేహ్‌లో సుమారు 65 పాళ్ళే దొరుకుతుంది. శరీరం దానికి అలవాటు పడగలదు. వేగంగా ఊపిరి తీస్తుంది, క్రమేణా నెత్తురులో మార్పులు చేసుకుంటుంది. కాని దానికి వ్యవధి కావాలి. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవటం వరకు వస్తే విశ్రాంతి తీసుకొని అక్కడే ఆగాలి, ఇంకా పైకి పోరాదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవటం, దగ్గుతో నురుగు పడటం, తిన్నగా నడవలేక తూలటం, మాట తడబడటం, ఇవి ప్రాణం మీదికి వచ్చే గుర్తులు. అప్పుడు తెల్లవారనిద్దామని కూర్చోరాదు. ప్రాణవాయువు పెట్టించాలి, మనిషిని కిందికి దింపాలి.

కిందికి దింపాలంటే మాటలా? లేహ్ నుంచి మనాలి దారిలో పోతే 5,000 మీటర్లు దాటిన కనుమ ఎక్కాలి. శ్రీనగరు దారిలో ఫోతు లా 4,100 మీటర్లు. కిందికి పోవటానికి ముందు పైకి ఎక్కవలసిన ఊరు అది! సింధునది వెంబడి పడమటికి ఖల్సీ దాకా పోతే 3,000 మీటర్లకు దిగవచ్చు, కాని అది తొంభై కిలోమీటర్లకు పైన. లేకపోతే విమానమే. ఈ సంగతి ట్రావెల్సువారి కాగితంలో ఏ మూలనా రాసి లేదు.

మా వాడికి అంతదూరం రాలేదు. మూడవనాటికి కోలుకున్నాడు. రెండవ రోజు ఖర్దుంగ్ లాకు పోవలసిన బండిని వెనక్కు పంపాము. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఆ కనుమ లేహ్‌కు నలభై కిలోమీటర్లే. అక్కడ బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని ఉండేది. సరిగా కొలిస్తే 5,359 మీటర్లు, అంటే 17,582 అడుగులని తేలింది. కొలత ఏదైనా, నిన్న సముద్రపు ఒడ్డున ఉన్నవాడు రేపు పోదగిన ఎత్తు కాదు.

ఇంతవరకు భయపెట్టాను. ఇక నడక సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ తరువాతి వారం రోజులూ నా జన్మలో అంత సుఖంగా నడిచిన రోజులు లేవు.

మొదట చదునుగా ఉన్న దారులే పట్టండి. చంగ్‌స్పా సందుల్లో మట్టిగోడల పక్కన పిల్లకాలువలు పారుతూ ఉంటాయి. వీటిని 'యురా' అంటారు. కొండ మీది మంచు కరిగి వచ్చే నీళ్ళు. కాలువ వెంబడి నడిస్తే దారి తప్పే ప్రశ్నే లేదు. గోడకు అవతల ఆప్రికాట్ చెట్లు, ఇవతల మనం. అలా పోతే సంకర్ గోంపా వస్తుంది. ఊరి నుంచి రెండు కిలోమీటర్ల లోపు. మూడవ రోజుకు అది చక్కని నడక. అరగంట దారికి మేము గంటన్నర తీసుకున్నాము.

ఆ గోంపా ముంగిట ఒక ముసలి లామా ఎండలో కూర్చుని ఉన్నాడు. ఎక్కడివారని అడిగితే ఒడిశా అన్నాను. ఇంట్లో మాట్లాడే భాష తెలుగని మా ఆవిడ అందించింది. ఆయన మొహం విప్పారింది. "అమరావతి!" అన్నాడు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు ఈయన రైలెక్కి వచ్చాడట. బుద్ధుడు కాలచక్రాన్ని మొదట ధాన్యకటకంలో బోధించాడని వారి సంప్రదాయం. టిబెట్టులోని డ్రెపుంగ్ మఠం పేరుకు అర్థం కూడా 'ధాన్యపు రాశి'యే. 2014లో అదే దీక్ష లేహ్‌లో జరిగింది. "అమరావతిలో ఎండ చాలా ఎక్కువ, కాని అరటిపళ్ళు బాగున్నవి" అన్నాడు. మీరు ఎన్నిసార్లు వెళ్ళారని నన్ను అడిగాడు. నాకు నలభై నాలుగేళ్ళు. ఒక్కసారి కూడా వెళ్ళలేదని చెప్పటానికి నోరు రాలేదు. జూలే అని లేచి వచ్చాను.

దారిలో మంత్రాలు చెక్కిన రాళ్ళు పేర్చిన పొడుగాటి గోడలు వస్తాయి. అవి మణి గోడలు. వాటిని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకొని నడవాలి. మన ప్రదక్షిణ పద్ధతే. దారి రెండుగా చీలి గోడకు ఇరువైపులా పోతే, ఎడమ దారి పట్టండి. ఆ రాళ్ళను ఇంటికి జ్ఞాపకంగా తీసుకుపోరాదు. ఇది చెప్పవలసి రావటమే సిగ్గు.

నాలుగవ రోజున రాజభవనం వెనుక నుంచి నంగ్యాల్ త్సేమో గుట్ట ఎక్కాము. భవనం తొమ్మిది అంతస్తులు. పదిహేడవ శతాబ్దంలో సెంగ్గే నంగ్యాల్ అనే రాజు కట్టించినది. పై దారి జారుడు కంకర, నిట్టనిలువు. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే కాలు జారుతుంది, అందుచేత అడుగున గాట్లున్న బూట్లు కావాలి. చెప్పులతో వచ్చిన ఒక పెద్దమనిషి వెనక్కు తిరిగి, చేతులు ఆనించి పాకుతూ దిగటం చూశాను. నేను ఇరవై అడుగులు వేయటం, నిలబడి ఇరవై ఊపిరులు లెక్కపెట్టటం, మళ్ళీ ఇరవై అడుగులు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరియైన వేగమని ఆమా-లే చెప్పిన కొలమానం. మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టు. మా ఆవిడ మాట ఎక్కడా తెగలేదు.

పైన రంగు రంగు జెండాలు గాలికి కొట్టుకుంటున్నవి. కింద ఊరంతా చదును మిద్దెలు, మధ్య పచ్చని పట్టీ, అవతల సింధు, ఇంకా అవతల స్తోక్ కాంగ్రీ శిఖరం, 6,153 మీటర్లు. ఆ శిఖరం ఎక్కటానికి ఒకప్పుడు జనం తిరునాళ్ళకు పోయినట్టు పోయేవారు. దాని అడుగునున్న స్తోక్ గ్రామానికి తాగునీళ్ళూ సాగునీళ్ళూ ఆ మంచు నుంచే రావాలి. మంచు తగ్గిపోతున్నదని, చెత్త పెరుగుతున్నదని, 2020 నుంచి ఎక్కటం ఆపించారు. డబ్బు తెచ్చే కొండను తామే మూసుకున్నారు. ఇది చిన్న విషయం కాదు.

నీళ్ళ సంగతి వచ్చింది గనుక ఒక మాట. అక్కడ రైతుకు నీళ్ళు కావలసింది విత్తనం వేసే వసంతకాలంలో. కాని మంచు బాగా కరిగేది ఎండాకాలం ముదిరాక. ఈ రెండింటి మధ్య ఎడమే ఆ దేశపు కష్టం. అందుకే ఎవరి చేనికి ఎప్పుడు కాలువ తిప్పాలో చూడటానికి ఊరికొక 'చుర్‌పోన్' ఉంటాడు, మన నీరుకట్టె వంటివాడు. 1987లో చెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు చలికాలంలో వృథాగా పోయే నీటిని నీడపట్టున నిలవేసి మంచుపలకగా గట్టిపరచే ఉపాయం చేశాడు. 2013-14 చలికాలంలో సోనమ్ వాంగ్‌చుక్, ఆయన విద్యార్థులు ఇంకొక మార్గం పట్టారు. ఎగువ నుంచి గొట్టంలో నీళ్ళు తెస్తే, పల్లంలో అవి తమ ఒత్తిడికే ఫౌంటెన్‌లాగ పైకి చిమ్ముతాయి. చిమ్మిన నీరు ఆ చలికి గడ్డకట్టి గోపురమవుతుంది. గోపురం ఆకారంలో ఎండ తగిలే మేర తక్కువ గనుక వసంతం దాకా నిలిచి, విత్తనాల వేళకు కరుగుతుంది. దీన్ని మంచు స్తూపమన్నారు. ఇంత పాటుపడి సంపాదించిన నీరు. మనం గదిలో రెండు పూటలా బకెట్లకు బకెట్లు పోసుకుంటాము. ఆమా-లే ఏమీ అనలేదు. స్నానానికి ఒక బకెట్టు పెట్టి వెళ్ళేది, రెండవది అడిగితే కూడా ఇచ్చేది. మూడవ రోజు నుంచి మేమే అడగటం మానేశాము.

వాన తక్కువ గదా అని వాగుల్లో కూర్చోకండి. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి మేఘం బద్దలై వచ్చిన బురద వరదలో లేహ్‌లోనూ చుట్టుపక్కలా రెండు వందలమందికి పైగా పోయారు. వాననెరుగని మట్టి మిద్దెలు కరిగిపోయినవి. ఎండిన వాగులో భోజనాల మూట విప్పుకోవటం, గుడారం వేయటం పనికిరాదు.

ఊరి దగ్గర నడకలు బాగా అలవాటైన తరువాత లికిర్ నుంచి యాంగ్‌తాంగ్ దాకా పోయాము. లికిర్ లేహ్‌కు పడమట యాభై కిలోమీటర్ల పైన, బండిలో పోవాలి. అక్కడ గోంపా పైన 1999లో పూర్తయిన మైత్రేయుని పెద్ద విగ్రహం ఉన్నది. అక్కడినుంచి కాలిబాట. రెండు చిన్న కనుమలు, రెండూ 4,000 మీటర్లకు లోపే. నాలుగైదు గంటల దారి అంటారు, మాకు ఏడు పట్టింది. దారి పొడుగునా చెట్టునీడ అనేది లేదు. అక్కడ ఒక సామెత ఉన్నది, తల ఎండలోనూ కాళ్ళు నీడలోనూ పెట్టుకొని కూర్చుంటే ఒకేసారి వడదెబ్బా, మంచుకాటూ తగులుతాయని. చల్లగా ఉన్నదని టోపీ తీసిన మా బావమరిది ముక్కు తోలు ఊడింది. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు మోసుకుపోయాము, అవి చాలినవి. ఓపిక ఉన్నవారు ఇదే దారిలో ఇంకా హేమిస్ శుక్పచన్, తెమిస్‌గాం దాకా మరి రెండు రోజులు పోతారు. రాత్రికి పల్లెల్లో ఇళ్ళలోనే బస.

కనుమ మీద రాళ్ళకుప్ప, జెండాలు. మా వెంట వచ్చిన కుర్రవాడు "కి కి సో సో, ల్హా గ్యాలో!" అని కేక వేశాడు. దేవతలకు జయమని అర్థమట. మా బావమరిది కూడా వేయబోయి, ఊపిరి చాలక కూర్చున్నాడు. వాడు నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. ఆ ఆసుపత్రి మంచం ఇంకా కళ్ళలో ఉన్నది.

ఇక మా మిత్రుని కాగితం. ఎర్ర పెన్సిలు తీసుకొని మొదటి రోజు స్తూపం కొట్టేశాను. రెండవ రోజు ఖర్దుంగ్ లా కొట్టేశాను. రెండుచోట్లా 'విశ్రాంతి' అని రాశాను. స్తూపాన్ని ఐదవ రోజుకు మార్చి, దానికి బండి దారి కూడా ఉన్నదని పక్కన రాశాను. అమ్మగారికి షే నుంచి తిక్సే వరకు చేల మధ్య చదును నడక చాలన్నాను.

"అమ్మకు అరవై ఆరు. బి.పి. మాత్ర వేసుకుంటుంది" అన్నారు.

"అయితే నా పెన్సిలు చాలదండీ. డాక్టరు చెప్పాలి. డయమాక్స్ మాత్ర వేసుకోవచ్చునా అన్నది కూడా వారినే అడగండి. సల్ఫా మందులు పడనివారైతే ముందే చెప్పాలి" అన్నాను.

"ట్రావెల్సువాళ్ళు డబ్బు అంతా ముందే కట్టించుకున్నారండీ. రెండు రాత్రుల గది అద్దె అదనమవుతుంది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ముఖం చూస్తే పెన్సిలు గీతలు ఆయనకు నచ్చినట్టు లేదు.

మంగళవారం, బుధవారం ఆ ప్రస్తావన తేలేదు. గురువారం నాడు నా బల్లమీద ఒక చీటీ ఉన్నది. శుక్రవారం ఉదయం అమ్మను డాక్టరుకు చూపించవలసి ఉన్నది, రెండు గంటలు పర్మిషను కావాలని. హెడ్‌క్లర్కు సెలవులో ఉండటం చేత హాజరు పట్టీలో నేనే రాసుకున్నాను.